విశ్వాసం ద్వారా నీతిమంతులుగా తీర్చబడటం

పాపి అయిన మనిషిని దేవుడు దేన్ని చూసి అంగీకరిస్తాడు? ఈ ప్రశ్నకు క్రైస్తవం చెప్పిన జవాబుల్లో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపిందీ, ఎక్కువ తగాదా పెట్టిందీ ఈ సిద్ధాంతమే. మనిషి తన సత్క్రియల బలంతో గాక, యేసుక్రీస్తు మరణ పునరుత్థానాల మీద ఉంచిన విశ్వాసం ద్వారా, దేవుని కృపవల్ల ఉచితంగా నీతిమంతుడవుతాడని దీని సారాంశం. ఇంతవరకు కేథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ పెద్ద పేచీ లేదు. పేచీ అంతా తర్వాతి మెట్టు మీద. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడిగా మారుస్తాడా? విశ్వాసం ఒక్కటే చాలా, ప్రేమా క్రియలూ కూడా లెక్కలోకి వస్తాయా? దక్కిన ఆ స్థితి గురించి మనిషి నిశ్చింతగా ఉండవచ్చా? 16వ శతాబ్దంలో పశ్చిమ ఐరోపా సంఘం చీలిపోవడానికి రాజకీయం, డబ్బు, అధికారం లాంటి కారణాలెన్ని ఉన్నా, వేదాంతం వైపు నుంచి చూస్తే ఈ మూడు ప్రశ్నలే గుండెకాయ.

ఈ సిద్ధాంత చరిత్రను ఒకే ప్రశ్నకు వచ్చిన రకరకాల జవాబుల చరిత్రగా రాయడం పరిపాటి. ప్రశ్న కూడా మారుతూ వచ్చిందని గమనిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. అపొస్తలుడైన పౌలును కదిలించింది ఒక సంఘంలో ఎవరు ఎవరితో కలిసి భోంచేయవచ్చన్న గొడవ. పద్నాలుగున్నర శతాబ్దాల తర్వాత జర్మన్ సన్యాసి లూథర్‌ను కుదిపేసింది ఒంటరి మనస్సాక్షి భయం.

పంక్తి నుంచి పత్రికకు

1వ శతాబ్దం నడిమికాలంలో సిరియాలోని అంతియొకయలో యూదులూ యూదేతరులూ ఒకే సంఘంగా ఉండేవారు, సహపంక్తి భోజనాలు చేసేవారు. అపొస్తలుడైన పేతురు కూడా వారితో కలిసి కూర్చునేవాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫు మనుషులు కొందరు వచ్చేసరికి ఆయన జంకి, యూదేతరుల పంక్తి నుంచి తప్పుకున్నాడు. మిగతా యూదులూ, చివరికి పౌలు సహచరుడు బర్నబా కూడా అదే దారి పట్టారు. పౌలు ఊరుకోలేదు, పేతురును అందరి ముందే నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు ఈ సంగతి స్వయంగా చెప్పుకున్నాడు. ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, క్రీస్తు మీది విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడని తీర్పు పొందుతాడన్న మాట ఆ గొడవను వివరించిన వెంటనే వస్తుంది. కంచం పొత్తు, మంచం పొత్తు అన్న మాటల బరువు తెలిసిన తెలుగు పాఠకులకు పౌలు కోపం ఎక్కడిదో వేరే వివరించనక్కర్లేదు. యూదేతరుడు సున్నతి చేయించుకుని, ఆహార నియమాలు పాటించి, ముందు యూదుడైతే తప్ప పూర్తి స్థాయి సభ్యుడు కాడంటే క్రీస్తు మరణం దేనికన్నది ఆయన వాదన.

రోమా పత్రికలో ఇదే వాదం పెద్ద పందిరి వేసుకుంది. సుమారు 57లో, కొరింథులో ఉండగా, తాను అప్పటికి చూడని సంఘానికి, స్పెయిను వెళ్లే దారిలో అక్కడ ఆగాలనుకుంటూ పౌలు దీన్ని రాయించాడు. యూదుడైనా గ్రీకువాడైనా అందరూ పాపం కిందే ఉన్నారని మొదటి మూడు అధ్యాయాల్లో నిరూపించి, 3వ అధ్యాయం చివర్లో ముడి విప్పుతాడు. క్రీస్తు రక్తంలో దేవుడు తన నీతిని కనబరిచాడు, అది నమ్మేవారందరికీ ఉచితం. ఆ వెంటనే అబ్రాహామును సాక్షిగా నిలబెడతాడు. ఈ సాక్ష్యం తీసుకున్న తీరు ముచ్చటైనది, లాయరు తేదీలు పట్టుకున్నట్టు ఉంటుంది. అబ్రాహాము దేవుని మాట నమ్మాడనీ, అది అతనికి నీతిగా ఎంచబడిందనీ ఆదికాండం 15వ అధ్యాయంలో ఉంది. సున్నతి ఆజ్ఞ వచ్చేది 17వ అధ్యాయంలో. అంటే నీతిమంతుడని తేలేనాటికి అబ్రాహాము ఇంకా సున్నతి లేనివాడే. కాబట్టి సున్నతి లేని విశ్వాసులకూ అతడే తండ్రి. రెండో ఆధారం హబక్కూకు ప్రవక్త గ్రంథం 2వ అధ్యాయం నుంచి తీసుకున్న, నీతిమంతుడి బతుకును విశ్వాసంతో ముడిపెట్టే వాక్యం.

కొత్త నిబంధనలోనే దీనికి ఎదురు గొంతు ఉంది. యాకోబు పత్రిక 2వ అధ్యాయం అదే అబ్రాహామునూ, అదే ఆదికాండ వాక్యాన్నీ తీసుకుని, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన సంగతితో కలిపి చదివి, మనిషి నీతిమంతుడయ్యేది ఒక్క విశ్వాసంతోనే కాదు, క్రియలతో అని తేలుస్తుంది. లూథర్ 1522లో యాకోబు పత్రికను గడ్డితో పోల్చి విసుక్కున్నాడు. కానీ యాకోబు ఎగతాళి చేసే విశ్వాసం దేవుడొక్కడేనని ఒప్పుకునే నోటిమాట. దయ్యాలు కూడా ఆ మాత్రం నమ్ముతాయంటాడు. పౌలు చెప్పే విశ్వాసం మనిషి మొత్తాన్ని ఆనించే భరోసా. ఇద్దరి మాటలూ పూర్తిగా కలుస్తాయని చెప్పడం కష్టమే గానీ, ఒకరు కట్టిన దాన్ని మరొకరు కూల్చారనడమూ తొందరపాటే.

అగస్టీను, ఆ తర్వాత

పౌలు తర్వాత చాలాకాలం ఈ అంశం పక్కనే ఉండిపోయింది. 1వ శతాబ్దం చివర్లో రోము నుంచి కొరింథుకు వెళ్లిన క్లెమెంటు పత్రికలో ఇది స్పష్టంగానే కనిపిస్తుంది. కానీ తొలి శతాబ్దాల వేదాంతులకు త్రియేకత్వం, క్రీస్తు స్వభావం వంటి వేరే వ్యాజ్యాలున్నాయి. మళ్లీ దీన్ని నడివీధిలోకి తెచ్చింది ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీను. మనిషి తలుచుకుంటే ఆజ్ఞలు పాటించగలడని బోధించిన పెలాగియస్‌తో ఆయనకు వాదం వచ్చింది. మంచి చేయాలన్న కోరిక కూడా కృప పెట్టిన భిక్షేనని అగస్టీను పట్టుబట్టాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను ఖండించింది. 529లో ఆరెంజ్ సభ అగస్టీను వైపే మొగ్గింది. అయితే నీతిమంతుడు కావడమంటే అగస్టీను దృష్టిలో దేవుడు మనిషిలో ప్రేమను పోసి అతన్ని లోలోపల మార్చడం. అది బతుకంతా సాగే వైద్యం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని అరిస్టాటిల్ పరిభాషలోకి ఎక్కించి, కృపను ఆత్మలో నాటుకునే గుణంగా వివరించాడు. మధ్యయుగం చివర్లో గాబ్రియేల్ బీల్ వంటి పండితులు, మనిషి తన చేతనైనంత చేస్తే దేవుడు కృపను నిరాకరించడని నేర్పారు. వినడానికి ఓదార్పుగానే ఉంటుంది. చేతనైనంత చేశానో లేదో తేల్చుకోలేని మనిషికి మాత్రం అది నరకం.

ఆ మనిషి పేరు మార్టిన్ లూథర్

1483లో ఐస్‌లెబెన్‌లో పుట్టిన లూథర్ 1505లో ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు అన్నీ చేశాడు. గంటల తరబడి పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) చేసి, బయటికి రాగానే మరిచిపోయిన పాపం గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తే స్థితికి వచ్చాడు. మఠాల పెద్ద ష్టౌపిట్జ్ అతన్ని లెక్కలు మాని క్రీస్తు గాయాల వైపు చూడమన్నాడు. 1512లో డాక్టరేటు పొంది విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బైబిలు చెప్పడం మొదలుపెట్టాక కీర్తనలు, రోమా, గలతీ పత్రికలు వరసగా పాఠం చెప్పాడు. చనిపోయే ముందు సంవత్సరం, 1545లో, తన లాటిన్ రచనల సంపుటికి రాసిన ముందుమాటలో ఆనాటి మలుపును నెమరేసుకున్నాడు. రోమా 1వ అధ్యాయంలో కనిపించే దేవుని నీతి అన్న మాటను తాను ద్వేషించేవాడినని ఆయనే ఒప్పుకున్నాడు. అది పాపిని శిక్షించే నీతి అనుకున్నాడు. రాత్రింబవళ్లు ఆ వాక్యంతో కుస్తీ పట్టగా, అది దేవుడు పాపికి దానంగా ఇచ్చే నీతి అని తోచిందట. అప్పుడు పరలోక ద్వారాలు తెరుచుకున్నట్టయిందని రాశాడు. ఈ మలుపు ఏ సంవత్సరంలో వచ్చిందన్న దాని మీద పండితులు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. ముసలితనంలో గుర్తుచేసుకున్న కథ సూటిగా ఉంటుంది. పాఠాల నోట్సులు మాత్రం మార్పు మెల్లగా వచ్చిందని చెబుతాయి.

1517 అక్టోబరు 31న వెలువడిన 95 ప్రతిపాదనలు నేరుగా ఈ సిద్ధాంతం గురించినవి కావు. అవి పాప పరిహార పత్రాల అమ్మకం మీద ఎక్కుపెట్టినవి. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం ఫుగ్గర్ల బ్యాంకులో చేసిన అప్పు తీరాలి, రోములో సెయింట్ పీటర్స్ దేవాలయం లేవాలి. ఆ వసూలుకు టెట్జెల్ అనే ప్రచారకుడు ఊరూరా తిరిగాడు. చనిపోయి ఉత్తరించు స్థలంలో (పర్గేటరీలో) ఉన్న తల్లిదండ్రుల శిక్షా కాలాన్ని డబ్బు తగ్గిస్తుందంటే జనం క్యూ కట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆగ్స్‌బర్గ్‌లో పోపు ప్రతినిధి కాజెటాన్ లూథర్‌ను పిలిపించి రెండు అంశాల మీద నిలదీశాడు. అందులో ఒకటి, క్షమాపణ దక్కిందని పాపి నిశ్చయంగా నమ్మవచ్చా అన్నది. కాజెటాన్ కళ్లకు అది కొత్త సంఘాన్ని కట్టడంతో సమానంగా కనిపించింది. అసలు తగాదా మూలం ఆయనకు అంత తొందరగా దొరకడం గమనించదగ్గది.

1520లో వచ్చిన క్రైస్తవుని స్వేచ్ఛ అన్న చిన్న పుస్తకంలో లూథర్ తన భావాన్ని పెళ్లి పోలికతో చెప్పాడు. విశ్వాసమనే ఉంగరంతో క్రీస్తు ఆత్మను పెళ్లాడతాడు. ఆమె అప్పులన్నీ ఆయనవి, ఆయన ఆస్తంతా ఆమెది. ఇందులోంచే రెండు సూత్రాలు వచ్చాయి. ఒకటి, మనిషిని నిలబెట్టే నీతి అతని లోపలిది కాదు, క్రీస్తుది. రెండు, విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ. మరి మంచిపనుల మాటేమిటి? మంచి చెట్టు మంచి పండ్లు కాస్తుంది, పండ్లు చెట్టును మంచిది చేయవని లూథర్ సమాధానం. సంఘం నిలిచేదీ కూలేదీ ఈ అంశం మీదేనన్న నానుడిని అందరూ ఆయన పేరు మీద చెబుతారు. భావం ఆయనదే, ఆ మాటల కూర్పు తర్వాతి తరాలది.

లూథర్ సహచరుడు ఫిలిప్ మెలాంక్తన్ దీనికి న్యాయస్థానపు భాష తొడిగాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో 4వ అంశం కొన్ని పంక్తులే. దాన్ని సమర్థిస్తూ 1531లో ఆయన రాసిన వివరణలో అదే అంశం ఒక పుస్తకమంత అయింది. ఈ భాష పొడిగా ఉందని లూథరన్ వేదాంతి ఓసియాండర్ 1550లో ఎదురు తిరిగాడు. నీతి అంటే విశ్వాసిలో నివసించే క్రీస్తు దైవస్వభావమేనన్నాడు. లూథరన్లూ, జెనీవా నుంచి కాల్విన్ కూడా ఆయన్ను ఖండించారు. కాల్విన్ పరిష్కారం చాలా మెలకువైనది. నీతిమంతుడని ఎంచబడటం, పరిశుద్ధుడవడం రెండు వేరు వరాలు, కానీ క్రీస్తుతో ఐక్యమైన వాడికి రెండూ కలిసే వస్తాయి. సూర్యుడి వెలుగునూ వేడినీ విడదీయలేం, అలాగని వెలుగే వేడి అనలేం అని ఆయన వివరణ.

గడ్డం పట్టుకున్న మహాసభ

1541లో రెగెన్స్‌బర్గ్‌లో ఒక వింత జరిగింది. చక్రవర్తి 5వ చార్లెస్ ప్రోద్బలంతో రెండు పక్షాల వేదాంతులు కూర్చుని, నీతిమంతులుగా తీర్చబడటం మీద ఒక ఒప్పందానికి వచ్చేశారు. పోపు తరఫున కార్డినల్ కాంటరీని ఉన్నాడు, ఇటు మెలాంక్తన్, బూట్సర్. అసాధ్యమనుకున్నది కుదిరింది గానీ సంభాషణ ప్రభు భోజనం దగ్గర తెగిపోయింది. కుదిరిన ముక్కను కూడా రోమూ ఒప్పుకోలేదు, లూథరూ అతుకులబొంత అని తోసిపుచ్చాడు.

ఆ తర్వాత ట్రెంట్. 1545 డిసెంబరులో మొదలైన ఈ కేథలిక్ మహాసభ మరుసటి ఏడాది జూన్ నుంచి దాదాపు ఏడు నెలలు ఈ ఒక్క అంశం మీద చర్చించింది. విశ్వాసానికి పెద్దపీట వేసిన బిషప్ సాన్‌ఫెలీచేను మరో బిషప్ మూర్ఖుడో మోసగాడో అన్నట్టు మాట్లాడితే, ఆయన ఆగ్రహం పట్టలేక అవతలి వాడి గడ్డం పట్టి లాగాడు. అగస్టీనియన్ల అధినేత సెరిపాండో, విశ్వాసిలోని నీతి అసంపూర్ణం కాబట్టి చివరి తీర్పునాడు క్రీస్తు నీతి కూడా ఆసరా కావాలని వాదించాడు. సభ ఆ వాదనను పక్కన పెట్టింది. లూథర్ చనిపోయి ఏడాది నిండకముందే, 1547 జనవరి 13న, 16 అధ్యాయాలూ 33 ఖండనలూ ఉన్న తీర్మానం వెలువడింది.

ఈ తీర్మానాన్ని చదవకుండా తిట్టినవారే ఎక్కువ. దాని మొట్టమొదటి ఖండన, క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా తన క్రియలతోనే మనిషి నీతిమంతుడు కాగలడనే వారి మీద! విశ్వాసాన్ని రక్షణకు ఆరంభం, పునాది, వేరు అని పొగిడింది కూడా ట్రెంటే. కానీ నీతిమంతుడు కావడమంటే పాపక్షమాపణ ఒక్కటే కాదు, లోపలి మనిషి కొత్తవాడవడం కూడా అని తేల్చింది. ఆ నీతి మంచిపనులతో పెరుగుతుందనీ, మహాపాపంతో పోతుందనీ, పాపసంకీర్తనంతో తిరిగి దక్కుతుందనీ అంది. తాను కృపలో ఉన్నానని ఎవరూ తప్పుపడే వీలులేనంత నిశ్చయంగా తెలుసుకోలేరంది. ఇరుపక్షాలూ ఒకే మాటను వాడుతూ, ఒకరు దాన్ని ద్వారం దగ్గరా మరొకరు ప్రయాణం పొడవునా పెట్టారు. తగాదాలో ఎంత భాగం నిజమైన తేడా, ఎంత భాగం ఈ గందరగోళం అన్నది తేలడానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది.

తూర్పు సంఘాలకు ఈ రభస ఎప్పుడూ సొంతం కాలేదు. వాళ్ల ఆలోచన రక్షణను దైవజీవంలో పాలుపంచుకోవడంగా చూస్తుంది, కోర్టు తీర్పుగా కాదు. టూబింగెన్ లూథరన్లు ఆగ్స్‌బర్గ్ ప్రకటన గ్రీకు ప్రతిని కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్కు 2వ జెరెమియాకు పంపితే, ఆయన మర్యాదగా, విస్తారంగా తప్పులు చూపిస్తూ జవాబులిచ్చాడు. 1581 నాటి చివరి లేఖలో మాత్రం, ఇక సిద్ధాంతాల గురించి రాయవద్దు, స్నేహం కోసమైతే రాయండని ముగించాడు.

ఇంగ్లండులో ఈ సిద్ధాంతం ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస అంశాల్లో 11వదిగా చేరి, చాలాకాలం పుస్తకంలోనే ఉండిపోయింది. 1738 మే 24 రాత్రి లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో ఎవరో లూథర్ రోమా పత్రికకు రాసిన ముందుమాట చదువుతుండగా జాన్ వెస్లీ హృదయం వింతగా వెచ్చబడింది. మెథడిస్టు ఉద్యమం ఆ వేడితో లేచింది. అయితే వెస్లీ, క్రీస్తు నీతిని విశ్వాసికి ఆపాదిస్తారన్న మాటను జనం పాపానికి ముసుగుగా వాడుకుంటారేమోనని బతుకంతా అనుమానపడ్డాడు. ఆ అనుమానం కొత్తది కాదు, పాతబడలేదు కూడా. హిట్లర్ కాలంలో డీట్రిచ్ బాన్‌హోఫర్ 1937 నాటి పుస్తకంలో, శిష్యరికం అడగని చౌక కృపను తన సొంత లూథరన్ సంఘానికి పట్టిన రోగంగా చూపించాడు.

పౌలును మళ్లీ చదవడం

1963లో స్వీడిష్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ ఒక వ్యాసంలో, లూథర్ మనస్సాక్షి వేదనను మనం పౌలుకు అంటగట్టామన్నాడు. పౌలు తాను యూదుడిగా ధర్మశాస్త్రం విషయంలో నిందలేని వాడినని చెప్పుకున్నవాడే. 1977లో ఇ. పి. శాండర్స్ ఆనాటి యూదు గ్రంథాలను తవ్వితీసి, యూదు మతం పుణ్యాల లెక్కతో రక్షణ కొనే మతం కాదని, దేవుడు ముందే కృపతో చేసిన నిబంధనలో నిలిచి ఉండటానికే ఆజ్ఞలని చూపించాడు. జేమ్స్ డన్ 1982లో మాంచెస్టర్ ప్రసంగంలో ఈ ధోరణికి కొత్త దృక్పథమని పేరు పెట్టాడు. ఆయన లెక్కలో పౌలు తిరస్కరించిన ధర్మశాస్త్ర క్రియలు ముఖ్యంగా సున్నతి, ఆహార నియమాలు, విశ్రాంతి దినం వంటివి, అంటే యూదులను ఇతరుల నుంచి వేరుచేసే గుర్తులు. ఎన్. టి. రైట్ దీన్ని సామాన్య పాఠకుల దాకా తెచ్చాడు.

ఈ పండితులు అంతియొకయ పంక్తిని మళ్లీ వెలుగులోకి తెచ్చినందుకు మెచ్చుకోవాలి. యూదుల మీద శతాబ్దాలుగా వేసిన నింద కడిగినందుకు ఇంకా ఎక్కువ. కానీ రోమా 4వ అధ్యాయంలో పౌలు కూలికీ దానానికీ తేడా చెబుతూ, భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా ఎంచే దేవుడి గురించి మాట్లాడతాడు. అక్కడ ఆహార నియమాలతో సరిపెట్టడం కుదరదు. లూథర్ విన్నది పౌలు చెప్పినదంతా కాకపోవచ్చు, పౌలు చెప్పనిది మాత్రం కాదు.

ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలు

20వ శతాబ్దపు రాజీ మెల్లగా వచ్చింది. 1957లో కేథలిక్ వేదాంతి హన్స్ క్యూంగ్, ప్రొటెస్టంటు కార్ల్ బార్త్ బోధకూ ట్రెంట్‌కూ నిజమైన వైరం లేదని వాదిస్తే బార్త్ ఆశ్చర్యపోతూనే ముందుమాట రాసిచ్చాడు. 1963లో హెల్సింకీలో సమావేశమైన లూథరన్ ప్రపంచ సమాఖ్య, నేటి మనిషికి ఈ సిద్ధాంతాన్ని ఎలా చెప్పాలో తమలో తామే ఒక మాట మీదకు రాలేకపోయింది. లూథరన్ సంఘాలన్నీ ప్రాణమని చెప్పుకునే సిద్ధాంతానికి పట్టిన గతి అది. కేథలిక్కులతో సంభాషణలు మాత్రం సాగి, 1999 అక్టోబరు 31న సంయుక్త ప్రకటనగా పండాయి. వాటికన్ తరఫున కార్డినల్ ఎడ్వర్డ్ కాసిడీ, సమాఖ్య తరఫున బిషప్ క్రిస్టియాన్ క్రౌజ సంతకాలు పెట్టింది ఆగ్స్‌బర్గ్‌లోని సెయింట్ అన్నా దేవాలయంలో. 1518లో కాజెటాన్ ముందుకు వచ్చినప్పుడు లూథర్ బస చేసిన మఠం అదే. మనలోని ఏ యోగ్యతా లేకుండా, కృపవల్ల మాత్రమే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంలో దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, సత్క్రియలకు పంపుతాడనీ ఇరుపక్షాలూ కలిసి ఒప్పుకున్నాయి. ఈ ప్రకటనలో ఉన్న రూపంలో ఎదుటి పక్షం బోధకు 16వ శతాబ్దపు ఖండనలు వర్తించవన్నాయి.

అంతా చప్పట్లే కాదు. జర్మనీలో వందకు పైగా ప్రొటెస్టంటు వేదాంత ఆచార్యులు ముందే నిరసన తెలిపారు. విశ్వాసి ఏకకాలంలో పాపీ నీతిమంతుడూ అన్న లూథర్ మాట మీద వాటికన్ చివరిదాకా తటపటాయించింది. అమెరికాలోని మిస్సోరీ సినడ్ ఒప్పుకోలేదు. 2006లో సియోల్‌లో మెథడిస్టులు, 2017లో విట్టెన్‌బర్గ్‌లో సంస్కరణవాద సంఘాల ప్రపంచ కూటమి చేరాయి. దేవుడు ఉచితంగా ఇచ్చే నీతికీ లోకంలో న్యాయం కోసం పోరాటానికీ ఉన్న లంకెను ఈ కూటమి తన చేర్పులో నొక్కి చెప్పింది.

తెలుగు నేల మీద

ఈ బోధ తెలుగు అక్షరాల్లోకి వచ్చి రెండున్నర శతాబ్దాలు దాటింది. జర్మనీలోని హాలే భక్తి ఉద్యమం నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జె 1726లో మద్రాసు చేరి తెలుగు నేర్చి, లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని అనువదించాడు. అది 1746లో హాలేలో అచ్చయింది. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరాడు. ఆ మిషన్ నుంచి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య సభ్యురాలు కాబట్టి 1999 ప్రకటన దీనికీ వర్తిస్తుంది.

ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో జాన్ క్లౌకు, విశ్వాసం నిజమైనదేనా అన్న ప్రశ్న కరువు రూపంలో ఎదురైంది. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గింజల కోసం నమ్ముతున్నారో, క్రీస్తును నమ్ముతున్నారో తెలియదని, సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పంపిణీ ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగింది. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఏ పంక్తిలోనూ చోటు లేని వారికి, యోగ్యత చూడకుండా అంగీకరించే దేవుడన్న మాట వేదాంత సూత్రంగా మాత్రమే వినబడి ఉండదు.

కృప గురించి మనవైపు శ్రీవైష్ణవంలో కూడా మర్కట, మార్జాల కిశోర న్యాయాల (కోతిపిల్ల, పిల్లికూన పోలికల) చర్చ ఉంది. పిల్ల తల్లిని పట్టుకోవాలా, తల్లే పిల్లను నోట కరుచుకుపోతుందా అన్నది. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1930లో భారతీయ కృపా మార్గాన్నీ లూథర్ బోధనూ పక్కపక్కన పెట్టి పుస్తకం రాశాడు. పోలిక ఊరిస్తుంది. అయితే శరణాగతి చర్చలో ముఖ్యంగా తేలవలసింది జీవుడి ప్రయత్నానికి చోటెంత అన్నది, ఒక చారిత్రక మరణం పాపి మీది తీర్పును ఎలా మోసిందన్నది కాదు.

ఇవాళ తెలుగు సంఘాల్లో ఈ సిద్ధాంతం మీద తేడా వచ్చేది ఎక్కువగా బాప్తిస్మం దగ్గరే. లూథరన్, సి.ఎస్.ఐ., కేథలిక్ కుటుంబాల్లో పసిబిడ్డకు బాప్తిస్మమిస్తారు. విశ్వాసం దేవుడిచ్చే వరమైతే బిడ్డ వయసు అడ్డం కాదని లూథరన్ల జవాబు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు నోటితో ఒప్పుకోగల వయసు వచ్చాకే నీళ్లలో ముంచుతారు. రక్షణ పొందారా అని అడుగుతారు, ఏనాడు పొందారో చెప్పగలగాలని ఆశిస్తారు. అందుకే లూథరన్ ఇంట పుట్టి పెంతెకొస్తు మందిరానికి వెళ్లిన యువకుడికి రెండోసారి బాప్తిస్మమివ్వడం మీద పాస్టర్ల మధ్య మాటలు పెరుగుతుంటాయి.